అమ్మమ్మ ఉమ్మేసిన మాత్ర

మా బరంపురంలో ఫైలేరియా, అంటే ఒంట్లో చేరే సన్నటి పురుగుల వల్ల వచ్చే బోదకాలు, దానికి మాత్రలు పంచే రోజుల్లో ఆశా దీదీ గుమ్మంలోనే నిలబడి, మనం మింగేదాకా కదలదు. అయినా మా అమ్మమ్మ ఓసారి మాత్రలు దవడన పెట్టుకుని, ఆవిడ అటు వెళ్లగానే పెరట్లో ఉమ్మేసింది. "జబ్బు లేనిదానికి మందెందుకే" అని.

ఆ మాత్రల్లో ఒకటి డీఈసీ, అంటే డైఇథైల్ కార్బమజైన్. దాని నడుమ పిపరజైన్ అనే ఆరు పరమాణువుల వలయం ఉంటుంది: నాలుగు కార్బన్లు, ఎదురెదురుగా రెండు నత్రజనులు. ఇలా కార్బన్ల మధ్య వేరే మూలకం దూరిన వలయాలనే పుస్తకాల్లో విషమచక్రీయ సమ్మేళనాలంటారు. పేరు చూసి హడలిపోకండి, పరిస్థితి విషమించిందని కాదు, వేరే జాతి పరమాణువు కలిసిందని అంతే.

తయారీ వినడానికైతే తేలికే. ఒక నత్రజనికి ముందే మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల గుంపు) తగిలించి ఉన్న పిపరజైన్‌ని డైఇథైల్ కార్బమైల్ క్లోరైడ్‌తో కలిపితే, రెండో నత్రజని దాన్ని అందుకుంటుంది, హైడ్రోజన్ క్లోరైడ్ విడిపోతుంది. మిథైల్ ఉన్న నత్రజని దగ్గర మాత్రం ఏ బంధంలోనూ చిక్కుకోని ఎలక్ట్రాన్ల జత మిగిలే ఉంటుంది కాబట్టి అది ఆమ్లం నుంచి ప్రోటాన్‌ని లాక్కుని లవణమవుతుంది, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. అందుకే మాత్రలో వాడేది నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లంతో చేసిన లవణం. 1947లో ఫైలేరియాకి ఈ మందు పనికొస్తుందని తేల్చిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించింది భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావే. ఈ సంగతి మా వీధిలో ఎవరికీ తెలీదు.

దానితోపాటు ఇచ్చే ఆల్బెండజోల్‌లోనూ నత్రజని వలయమే, కాకపోతే ఐదు పరమాణువులది, బెంజీన్‌కి అతుక్కుని ఉంటుంది. అది పురుగు కణాల్లోని ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ని పట్టేస్తుంది, దాంతో పురుగు గ్లూకోజ్ తీసుకోలేక ఆకలితో చస్తుంది.

ఆ సంవత్సరం మాత్రలు బుద్ధిగా మింగిన మా బాబాయికి రాత్రికి జ్వరం, తలనొప్పి. ఇంటిల్లిపాదికీ టెన్షన్. నిజానికి అలాంటి జ్వరం చాలాసార్లు రక్తంలో తిరిగే పిల్లపురుగులు చస్తున్నందుకు వచ్చేదే, ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ పిల్లపురుగులు ఎక్కువగా రాత్రిపూటే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి, పరీక్షకి రక్తం రాత్రి తీసేది అందుకే. కాలు వాయకుండానే పెద్ద పురుగులు ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోతాయి కూడా. అందుకే గర్భిణులకీ, రెండేళ్లలోపు పిల్లలకీ, బాగా జబ్బుపడి ఉన్నవాళ్లకీ తప్ప అందరికీ ఇస్తారు, ఏదైనా తిన్నాకే వేసుకోమంటారు.

బాబాయి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ అమ్మమ్మ, "నయం, నేను మింగలేదు" అంది.