ఓడతో పాటు ఊగే నీళ్ళు

సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు కడుతున్నారు. ఉద్దానం కుర్రాళ్ళు ఎందరో మర్చంట్ నేవీలో ఉన్నారు. నడిసంద్రంలో నిమ్మళంగా సాగిన ఓడ లోతు తక్కువ చోటికి రాగానే అదరడం వాళ్ళకు కొత్త కాదు. ఇంజన్ మీద అనుమానపడే ముందు నీళ్ళ సంగతి చూడాలి.

ఓడ కిందికీ మీదికీ వంగుతూ అదిరితే చుట్టూ ఉన్న నీరూ కదలాలి. అదిరే బరువులో ఆ నీటి వాటా కూడా కలుస్తుంది. లోలకాన్ని నీటిలో ఊపి ఈ అదనపు బరువును 1786లోనే పసిగట్టినవాడు ఫ్రెంచి ఇంజనీరు డ్యు బుయా. తర్వాత గణితం దాన్ని తేల్చింది: గోళానికైతే అది తొలగించిన నీటి బరువులో సగం, అడ్డంగా ఊగే పొడవాటి స్తంభానికైతే మొత్తం బరువు.

ఓడల దాకా రావడానికే ఆలస్యమైంది. జర్మన్ ఓడల ఇంజనీరు ఒట్టో ష్లిక్ 1884లో ఆవిరి ఓడల కంపనాలను చర్చకు తెచ్చాడు. ఆయన సూత్రంలో నీటికి విడిగా చోటు లేదు, ఓడరకాన్ని బట్టి వేసుకునే గుణకంలోనే అది దాగి ఉంది. కొత్త ఆకారం ఓడకు ఆ లెక్క తప్పేది. 1929లో అమెరికన్ ఎఫ్.ఎం. లూయిస్ ఓడ అడ్డుకోతల ఆకారాన్ని బట్టి నీటి బరువు కట్టే పద్ధతి ఇచ్చాడు. నీరు పొడవునా కూడా జారుకుంటుంది కాబట్టి దానికో తగ్గింపు గుణకం పెట్టాడు. ఓడ ఎక్కువ వంపులతో అదిరేకొద్దీ ఆ గుణకం తగ్గుతుంది.

చేతిలెక్కకు ఓడల ఇంజనీరు టాడ్ ఇచ్చిన సూత్రం చాలు: ఓడ వెడల్పును, అది నీటిలో మునిగే లోతుకు, అంటే డ్రాఫ్ట్‌కు మూడు రెట్లతో భాగించి 1.2 కలిపి, ఓడ బరువుతో గుణించాలి. 30 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల డ్రాఫ్ట్ ఉంటే అదిరే బరువు 2.2 రెట్లు. పౌనఃపున్యం, అంటే నిమిషానికి ఓడ అదిరే సార్లు, నీళ్ళు లేనప్పటి దానిలో సుమారు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. సరుకు దించాక డ్రాఫ్ట్ 6 మీటర్లయితే, పెట్టె ఆకారపు ఓడ బరువు 40 శాతం తగ్గుతుంది. అదిరే బరువు మాత్రం 22 శాతమే తగ్గి, పౌనఃపున్యం 13 శాతం పెరుగుతుంది. నాలుగు రెక్కల ప్రొపెల్లర్ 120 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 480 సార్లు ఓడను కుదుపుతుంది. ఆ అంకె ఓడ సొంత పౌనఃపున్యాల్లో ఒకదానితో కలిస్తేనే ప్రమాదం.

లోతు తక్కువ చోట ఓడ అడుగు కింద నీటి మందం తగ్గితే ఆ నీరు పక్కలకు వేగంగా పారాలి. అదనపు బరువు ఇంకా పెరిగి పౌనఃపున్యం పడిపోతుంది, అది ప్రొపెల్లర్ కుదుపులతో కలిస్తే ఓడ అదురుతుంది. లోతు ప్రభావం ఇంత ఉంది కాబట్టే కంపన పరీక్షలను డ్రాఫ్ట్‌కు కనీసం 5 రెట్ల లోతులో చేస్తారు. కాలువలో తీసిన రీడింగులను వాటితో పోల్చేటప్పుడు అక్కడి లోతు, డ్రాఫ్ట్ రెండూ పక్కన రాసి ఉండాలి.