గడి చాలని అంకెలు

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. 32 జీబీ పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా 6 జీబీ వీడియో ఎందుకు ఎక్కడం లేదని మొన్న ఫోన్లో అడిగారు కదా. పెన్‌డ్రైవ్ పాడైపోయిందేమోనని టెన్షన్ పడకండి, దానికేం కాలేదు.

ఒక ఫారంలో వయసు రాయడానికి రెండు గడులే ఇచ్చారనుకోండి. నూరేళ్ళు నిండిన పెద్దాయన వస్తే ఏం రాస్తారు? మనిషి ఎదురుగా ఉన్నాడు, గడే చాలదు. మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌దీ, అంటే ఫైళ్ళను సర్దిపెట్టే పద్ధతిదీ, ఇదే ఇబ్బంది. ప్రతి ఫైలు సైజునూ అది 32 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడుల్లో, రాసుకుంటుంది. వాటిలో పట్టే పెద్ద అంకె 4,29,49,67,295. కాబట్టి ఒక్కో ఫైలు, 1024 లెక్కన, 4 జీబీకి ఒక బైటు తక్కువ వరకే ఉండాలి. ఫ్యాట్32 వచ్చింది 1996లో, విండోస్ 95కే తర్వాత వచ్చిన మరో విడుదలతో. అప్పట్లో చాలామందికి హార్డ్ డిస్కే అంత ఉండేది కాదు, ఇక ఒక్క ఫైలు అంత ఉంటుందని ఎవరనుకుంటారు!

దానికి ముందుది ఫ్యాట్16. అది డిస్కును గదులుగా విడగొట్టి నంబర్లు వేస్తుంది. 16 బిట్లతో వచ్చే నంబర్లు 65,536 మాత్రమే. డిస్కు పెరిగితే గదుల సంఖ్య పెరగదు, గది పెద్దదవుతుంది. విండోస్‌కు ముందు తరం డాస్‌లో గది 32 కేబీ దాకా పెరగగలదు కనుక ఒక డ్రైవ్ 2 జీబీ దగ్గర ఆగిపోయింది. పైగా ఒక్కడు దిగినా గదంతా అతనిదే. వంద అక్షరాల చీటీ కూడా 32 కేబీ మింగేసేది. చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే ఎంత వృథానో చూడండి. ఇంకా వెనక్కి, ఎమ్మెస్ డాస్ 3 రోజుల్లోకి వెళ్తే, ఒక డ్రైవ్‌కు 32 ఎంబీయే హద్దు.

నాకు అన్నిటికన్నా నవ్వొచ్చేది 528 ఎంబీ హద్దు. డిస్కులో ఒక చోటు చెప్పడానికి సిలిండర్ (ఏ వలయం), హెడ్ (పళ్ళెం ఏ వైపు), సెక్టార్ (వలయంలో ఏ ముక్క) అని మూడు అంకెలు కావాలి. పాత బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే ప్రోగ్రామ్, 1024 సిలిండర్లు, 256 హెడ్లు, 63 సెక్టార్లు లెక్కపెట్టగలదు. డిస్కును కంప్యూటర్‌కు కలిపే ఐడీఈ పద్ధతిలో 65,536 సిలిండర్లు, 16 హెడ్లు, 255 సెక్టార్లు. విడివిడిగా మొదటిది 8.4 జీబీ, రెండోది 137 జీబీ చూడగలవు. కానీ ఇద్దరికీ కుదిరింది ప్రతి దాంట్లో చిన్న అంకె మాత్రమే: 1024, 16, 63. వాటిని గుణించి, సెక్టారుకు 512 బైట్లు వేస్తే 528 ఎంబీ! ఎవరి గడులు వాళ్ళకు చాలినా, కలిసేసరికి చాలలేదు.

ఆ 137 జీబీ గోడ కూడా తర్వాత తగిలింది. విండోస్ ఎక్స్‌పీకి దాన్ని దాటే వీలు 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో కలిగింది. అన్ని హద్దులకూ గడులే కారణం కాదు సుమా. విండోస్ 2000, ఎక్స్‌పీల ఫార్మాట్ టూల్ 32 జీబీ దాటితే ఫ్యాట్32 చేయనని మొండికేసేది. అది ఆ టూల్ పెట్టిన హద్దు, ఫ్యాట్32ది కాదు.

ఇక మీ వీడియో సంగతి. పెన్‌డ్రైవ్‌లో ఏమైనా ఉంటే ముందు వేరేచోట దాచుకొని, ఇంతకన్నా పెద్ద ఫైళ్ళు పట్టే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌గా ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి, తొందరపడొద్దు. పాత టీవీలు కొన్ని ఫ్యాట్32 తప్ప వేరేది చదవవు. అలాంటి దాంట్లో చూడాలంటే వీడియోను రెండు ముక్కలు చేయడమే దారి.

మీకో లెక్క ఇస్తాను. డిస్కును భాగాలుగా పంచి రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతిలో సెక్టార్ నంబరుకు 32 బిట్లే, సెక్టారుకు 512 బైట్లు. 3 టీబీ డిస్కును అలాంటి పాత కంప్యూటర్‌కు తగిలిస్తే కొన్నిసార్లు 746 జీబీ అని చూపించేది. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో. ఆ 746 ఎక్కణ్ణుంచి వచ్చిందో కట్టి, జవాబు రాయండి.

మీ తాతయ్య