ఫండ్‌రైజింగ్ ఈవెంట్ పెట్టాలా వద్దా? అపోహలు - వాస్తవాలు

స్వచ్ఛంద సంస్థలకు నిధుల సేకరణలో సాయం చేయడం నా పని. కొత్తగా పరిచయమైన ఏ సంస్థవాళ్ళయినా ముందు అడిగేది ఒకటే: "ఈ ఏడాది ఏదైనా పెద్ద ప్రోగ్రామ్ పెడదామా?" పోయినసారి పెట్టినదాంట్లో ఎంత మిగిలిందని నేను అడుగుతాను. ఎంత వసూలైందో గబగబా చెప్పేస్తారు. మిగిలిందెంతో మాత్రం ఫైళ్ళు వెతకాల్సి వస్తుంది.

అపోహ: హాలు నిండింది, చెక్కులు వచ్చాయి, కాబట్టి లాభమే.

ఒక సంస్థలో ఈవెంట్ అయిన వారానికి లెక్కల షీట్ చూశాను. హాలు అద్దె, సౌండ్, ప్రింటింగ్, క్యాటరింగ్ అన్నీ పద్ధతిగా రాసి ఉన్నాయి. జీతాలు లేవు. "అవి ఎలాగూ ఇస్తాం కదండీ" అన్నారు అకౌంటెంట్ గారు. ఎవరు ఎన్నాళ్ళు దీనిమీద పనిచేశారో కాగితం మీద రాయించాను. ముగ్గురు ఉద్యోగులు, రెండు నెలల పాటు, సగం పనిగంటలు దీనికే. అంటే ఒక ఉద్యోగికి మూడు నెలల జీతం. అది కలిపేసరికి మిగులు కాస్తా లోటు అయింది. అకౌంటెంట్ గారు షీట్‌ని 'జీతాలు కలపకముందు', 'కలిపాక' అని రెండుగా చేశారు. బోర్డు మీటింగుకి మొదటిదే వెళ్ళింది!

మా రంగంలో చాలాకాలంగా చెప్పుకునే అంచనా ఒకటుంది. ఈవెంట్ ద్వారా 100 వసూలు చేయడానికి సుమారు 50 ఖర్చవుతుంది. ఇప్పటికే ఇస్తున్న దాతలకు ఉత్తరం రాసి మళ్ళీ అడిగితే 20 చుట్టూ ఉంటుంది. పెద్ద దాతలను నేరుగా వెళ్ళి కలిస్తే 5 నుంచి 10. ఇంతవరకు చూస్తే ఈవెంట్లు మానేయడమే మంచిదనిపిస్తుంది. కానీ బొత్తిగా పరిచయం లేనివాళ్ళకు ఉత్తరాలు పంపి కొత్త దాతలను తెచ్చుకోవాలంటే, 100 రావడానికి 100కు పైనే పోతుంది. కాబట్టి ఈవెంట్‌తో కొత్తవాళ్ళు నిజంగా మన దగ్గరికి వచ్చి దాతలుగా నిలబడితే, 50 ఖర్చు చవకే. అసలు చిక్కంతా ఆ నిలబడటం దగ్గరే ఉంది.

అపోహ: టికెట్ కొన్నవాళ్ళంతా మన దాతలే.

చాలామంది వచ్చేది పిలిచిన మనిషి కోసం. నిధుల కోసం పరుగులు, నడకలు పెట్టినప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మేనల్లుడు పరుగెత్తుతున్నాడని డబ్బు కట్టిన ఆయనకు సంస్థ పేరు కూడా గుర్తుండకపోవచ్చు.

ఒకసారి ఈవెంట్ మర్నాడు రిజిస్ట్రేషన్ జాబితా అడిగితే ఇచ్చారు. అందులో ఒక వరుసలో కంపెనీ మేనేజర్ పేరు, పక్కన '+9' అని ఉంది. కింది వరుసలో ఇంకో పేరు, మళ్ళీ '+9'. పేజీ అంతా అదే తంతు. పదిమంది కూర్చునే టేబుల్ మొత్తం ఒకరే కొన్నారు, మిగతా తొమ్మిదిమంది ఎవరో ఎవరికీ తెలియదు. వాళ్ళు మూడు గంటలు మన హాల్లో కూర్చుని, చప్పట్లు కొట్టి వెళ్ళారు. ఫోన్ నంబర్లు కూడా తీసుకోలేదు. ఆ రోజు అంత డబ్బు పెట్టి కొన్న అవకాశం అది.

అపోహ: ఖర్చంతా స్పాన్సర్లదే, మనకు పోయేదేముంది?

అదే డబ్బు నేరుగా మీ పనికి ఇస్తారేమో అడిగి చూశారా? కొందరు ఇస్తారు. బ్యానర్ మీద పేరు కావాలనేవాళ్ళు ఇవ్వరు, అది వేరే సంగతి. ఇంకో మాట: స్పాన్సర్ చివరి వారంలో తప్పుకున్నా హాలుకి కట్టిన అడ్వాన్స్ వెనక్కి రాదు.

అపోహ: పేరున్నవాళ్ళు వస్తే అన్నీ వాటంతట అవే జరిగిపోతాయి.

1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్, బీటిల్స్ బృందంలో పాడిన జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పెట్టిన కచేరీనే చూడండి. రెండు ప్రదర్శనలు, దాదాపు 40,000 మంది జనం. టికెట్ల మీద వచ్చిన 2,43,000 డాలర్లకు పైగా సొమ్ము యూనిసెఫ్‌కు వెంటనే చేరింది. ఆ తర్వాత ఆల్బమ్, సినిమా మీద అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. కానీ పన్ను మినహాయింపు సంగతి ముందుగా చూసుకోకపోవడంతో అందులో పెద్ద భాగం ఏళ్ళ తరబడి పన్నుల వివాదంలో ఇరుక్కుంది. అంతటివాళ్ళకే తప్పని తలనొప్పి అది.

అపోహ: డబ్బు రాకపోయినా ప్రచారం వస్తుంది.

ఎవరికి తెలియాలి, తెలిశాక వాళ్ళు ఏం చేయాలి అన్నది ముందే రాసుకుంటే ఒప్పుకుంటాను. ఈవెంట్ అయ్యాక, లోటు చూసి చెప్పే 'ప్రచారం' మాత్రం సాకు. అన్నట్టు, 2014లో జనం తలమీద ఐసు నీళ్ళు కుమ్మరించుకుని వీడియోలు పెట్టిన ఐస్ బకెట్ ఛాలెంజ్ ద్వారా, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కు దాదాపు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. హాలూ లేదు, స్టేజీ లేదు. అప్పటినుంచి ప్రతి బోర్డులోనూ ఒకరు "మనమూ ఒకటి వైరల్ చేద్దాం" అంటూనే ఉన్నారు. వైరల్ అవడం ఎవరి చేతిలోనూ లేదండీ.

అపోహ: ఏటా చేస్తున్నాం, ఆపేస్తే దాతలు నొచ్చుకుంటారు.

పదిమంది ముఖ్యమైన దాతలకు ఫోన్ చేసి అడగండి. నేను చేయించిన ప్రతిసారీ "హమ్మయ్య" అన్నవాళ్ళు కొందరు ఉన్నారు. ఒక సంస్థ అయితే జరగని ఈవెంట్‌కి ఆహ్వానం పంపింది: "ఈసారి మీరు రానక్కర్లేదు, ట్రాఫిక్‌లో చిక్కుకోనక్కర్లేదు, ఇంట్లోనే ఉండి టికెట్ డబ్బు పంపితే చాలు" అని. జనం నవ్వుకున్నారు, పంపారు కూడా.

అయినా ఈవెంట్ కావాలనే అనుకుంటే, హాలు బుక్ చేయకముందే నేను ఒక పని చేయిస్తాను. ఈవెంట్ తర్వాతి నాలుగు రోజుల క్యాలెండర్ తెరిచి, వచ్చినవాళ్ళకు ఎవరు ఏ రోజు ఎన్ని ఫోన్లు చేస్తారో పేర్లతో సహా నింపమంటాను. "ఆ నాలుగు రోజులూ అందరం సెలవు పెట్టేస్తాం, అలిసిపోయి ఉంటాం కదా" అని నవ్వుతారు. అయితే అడ్వాన్స్ కట్టకండి అని చెబుతాను.