ఆరోపణ పక్కనపెట్టి తేదీ చూడండి: బందీ దౌత్యంపై అపోహలు - వాస్తవాలు

పరాయి దేశంలో ఎవరినో గూఢచారి అని పట్టుకున్నారన్న వార్త రాగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇంతకీ అతను ఏం చేశాడు సార్?" ఇరవై ఏళ్లుగా అంతర్జాతీయ సంబంధాలు పాఠం చెబుతున్నాను. తరగతిలో పిల్లలూ అదే అడుగుతారు, పెళ్లిళ్లలో కలిసిన బంధువులూ అదే అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గరే మనం దారి తప్పుతున్నామని నా బాధ.

ఒక ప్రభుత్వం వేరే దేశపు పౌరుణ్ని చట్టం పేరుతో జైల్లో పెట్టి, అతన్ని వదలడానికి అతని ప్రభుత్వం నుంచి ఏదో ఒకటి రాబట్టుకోవడమే బందీ దౌత్యం. మన మాటల్లో చెప్పాలంటే మనిషిని తాకట్టు పెట్టుకోవడం. పూర్వం ఇది బాహాటంగానే జరిగేది. 1792లో శ్రీరంగపట్నం సంధి కుదిరినప్పుడు, షరతులు నెరవేరేదాకా టిప్పు సుల్తాన్ తన ఇద్దరు చిన్న కొడుకులను బ్రిటిష్ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌కు అప్పగించాల్సి వచ్చింది. వాళ్లు 1794లో గానీ తండ్రి దగ్గరికి తిరిగి రాలేదు. ఆ తాకట్టు సంగతి అందరికీ తెలుసు, రాతలో కూడా ఉంది. ఇప్పుడు రాత ఉండదు, షరతు ఎవరూ పైకి చెప్పరు. దాని బదులు పోలీసులు, కోర్టు, తీర్పు ఉంటాయి. చూసేవాళ్లకు మామూలు కేసులాగే కనిపిస్తుంది.

అపోహ: నిప్పు లేనిదే పొగ రాదు. ఏదో చేసే ఉంటాడు.

వాస్తవం: 2018 డిసెంబర్ 1న కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో చైనాకు చెందిన హువావే కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి మెంగ్ వాన్‌ఝౌను అరెస్టు చేశారు. పట్టుకోమని అడిగింది అమెరికా. ఇరాన్‌తో వ్యాపారం విషయంలో బ్యాంకుకు అబద్ధం చెప్పారన్నది అభియోగం. సరిగ్గా తొమ్మిది రోజులకు చైనా ఇద్దరు కెనడా వాళ్లను పట్టుకుంది. ఒకరు మైఖేల్ కోవ్రిగ్, సెలవులో ఉన్న దౌత్యవేత్త. రెండోవారు మైఖేల్ స్పావర్, ఉత్తర కొరియాకు పర్యటనలు ఏర్పాటు చేసే వ్యాపారి. జనవరిలో ఇంకో కెనడా పౌరుడి మాదకద్రవ్యాల కేసును తిరిగి విచారించి, అంతకుముందు వేసిన 15 ఏళ్ల జైలుశిక్షను మరణశిక్షగా మార్చారు.

2021 ఆగస్టులో స్పావర్‌కు 11 ఏళ్ల శిక్ష పడింది. ఆరు వారాలకు, సెప్టెంబర్ 24న, మెంగ్ అమెరికా న్యాయశాఖతో ఒప్పందం చేసుకుని చైనా విమానం ఎక్కారు. ఆ రోజే ఇద్దరు మైఖేల్‌లూ విడుదలయ్యారు. అప్పటికి వెయ్యి రోజులు దాటింది. వాళ్ల మీద మోపిన ఆరోపణల్లో నిజమెంత అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. పట్టుకున్న తేదీ, వదిలిన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం వాదించడానికి ఏమీ మిగలదు. నా విద్యార్థులకు నేను నేర్పేది ఇదే: ముందు క్యాలెండర్ తీయండి, చార్జిషీటు తర్వాత చదువుదాం.

"మెంగ్ అరెస్టూ రాజకీయమే కదా?" అని చైనా వైపు నుంచి ఒక వాదన ఉంది. దాన్ని కొట్టిపారేయకూడదు. వాణిజ్య ఒప్పందానికి పనికొస్తే ఆ కేసులో కలగజేసుకుంటానని అప్పట్లో ట్రంప్ అన్నారు. ఆ మాట కెనడాకు చాలా నష్టం చేసింది. అయినా మెంగ్ బెయిలు మీద వాంకూవర్‌లో సొంత ఇంట్లో ఉన్నారు, లాయర్లతో బహిరంగంగా వాదించుకున్నారు. మైఖేల్‌లకు ఆ రెండూ దక్కలేదు.

అపోహ: ఇది బలహీన దేశాలు చేసే పని. అగ్రరాజ్యాలకు ఆ అవసరం ఏముంది?

వాస్తవం: పోటీ ముదిరేకొద్దీ పెద్ద దేశాలకే ఇది ఎక్కువ పనికొస్తోంది. అణ్వాయుధాలున్న దేశాలు నేరుగా యుద్ధానికి దిగలేవు. ఆంక్షలు పెడితే ఆ దెబ్బ తమకూ తగులుతుంది. ఒక మనిషిని లోపల వేయడానికి మాత్రం దాదాపు ఖర్చే లేదు. అవతలి దేశంలో పత్రికలు, ఎన్నికలు, తల్లిదండ్రుల కన్నీళ్లు ఉంటాయి కాబట్టి ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది. 2023 మార్చిలో రష్యా అమెరికన్ విలేఖరి ఇవాన్ గెర్ష్‌కోవిచ్‌ను పట్టుకుంది. 2024 ఆగస్టు 1న టర్కీ రాజధాని అంకారాలో జరిగిన పెద్ద ఖైదీల మార్పిడిలో అతను బయటపడ్డాడు. రష్యాకు ప్రధానంగా కావాల్సింది వదీం క్రాసికోవ్. బెర్లిన్ పార్కులో మనిషిని చంపి జర్మనీలో జీవితఖైదు అనుభవిస్తున్నవాడు.

అపోహ: బేరమాడకుండా గట్టిగా ఉంటే ఇది ఆగిపోతుంది.

వాస్తవం: నాకు ఎప్పుడూ టెన్షన్ పెట్టే ప్రశ్న ఇది. ఇచ్చేకొద్దీ అడుగుతారన్నది నిజమే. కానీ ఇవ్వకపోతే లోపలున్న మనిషి లోపలే ఉంటాడు. నాజనీన్ జాఘారీ-రాట్‌క్లిఫ్ సంగతి చూడండి. పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లిన బ్రిటిష్-ఇరానీ తల్లి. 2016లో టెహ్రాన్‌లో అరెస్టు చేశారు. 1979 విప్లవానికి ముందు ఇరాన్ ట్యాంకుల కోసం బ్రిటన్‌కు డబ్బు కట్టింది, విప్లవం తర్వాత ట్యాంకులు ఆగిపోయాయి, డబ్బు తిరిగి రాలేదు. ఆ పాత బాకీ 39.38 కోట్ల పౌండ్లు. 2022 మార్చిలో బ్రిటన్ అది తీర్చింది, ఆమె ఇంటికి చేరింది. ఇవ్వాల్సిన బాకీని ఆమె అరెస్టయ్యాక కూడా ఆరేళ్లు సాగదీసింది బ్రిటన్. ఆ ఆరేళ్లూ ఆ తల్లి జీవితంలోంచి పోయాయి.

ఇంటి మనిషిని వదిలేసుకోమని ఏ కుటుంబానికీ నేను చెప్పలేను. ముందు మనిషిని తెచ్చుకోవాలి. ఆ తర్వాత పట్టుకున్నవాళ్లకు నష్టం కలిగేలా దేశాలన్నీ కలిసి కదలాలి. 2021 ఫిబ్రవరిలో కెనడా చొరవతో యాభైకి పైగా దేశాలు ఇలాంటి నిర్బంధాలను ఖండిస్తూ ప్రకటన చేశాయి. అందులో పట్టుకున్న దేశాలకు శిక్ష ఏదీ లేకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది.

అపోహ: అంతర్జాతీయ న్యాయస్థానం ఉంది కదా.

వాస్తవం: టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీ బందీలను వెంటనే వదలాలని 1980 మే నెలలోనే ఆ కోర్టు తీర్పు చెప్పింది. 52 మంది బయటికి వచ్చింది 1981 జనవరి 20న, పట్టుబడిన 444 రోజుల తర్వాత, అల్జీరియా మధ్యవర్తిత్వంతో ఒప్పందం కుదిరాకే.

అపోహ: గల్ఫ్‌లో మనవాళ్ల అరెస్టులన్నీ ఇలాంటివే.

వాస్తవం: అలా అనుకోవద్దు. హత్య కేసులో దుబాయ్ జైల్లో 18 ఏళ్లు మగ్గి 2024లో ఇంటికొచ్చిన సిరిసిల్ల వాళ్లది క్రిమినల్ కేసు. అక్కడ కావాల్సింది మంచి లాయరు, బాధిత కుటుంబం క్షమాభిక్ష. ఆ కేసును బందీ దౌత్యం అని పిలిస్తే చేయాల్సిన పని తప్పిపోతుంది.

అపోహ: ఇది అమెరికా, యూరప్ వాళ్ల సమస్య. మనకేం?

వాస్తవం: 2024 ఏప్రిల్ 13న హోర్ముజ్ జలసంధి దగ్గర ఎంఎస్‌సీ ఏరీస్ అనే సరుకు ఓడను ఇరాన్ కమాండోలు పట్టుకున్నారు. ఓడ మీద పోర్చుగల్ జెండా. ఇరాన్ గొడవ ఇజ్రాయెల్‌తో. సిబ్బంది 25 మందిలో 17 మంది భారతీయులు. ఆ గొడవతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు. కేరళకు చెందిన ఒక యువ క్యాడెట్ అదే నెలలో ఇంటికి చేరింది. మే 9న ఇంకో ఐదుగురిని వదిలారు. మిగిలినవాళ్ల ఇళ్లలో అప్పటికీ ఫోన్ దగ్గర పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నారు.