తెరమీద ఏడ్చిన పాప గవర్నర్ అయ్యేదాకా: విల్మా శాంటోస్ అరవై ఏళ్ల నేపథ్యం

ఫిలిప్పీన్స్ పత్రికల్లో విల్మా శాంటోస్ పేరు రెండు పేజీల్లో కనిపిస్తుంది. సినిమా పేజీలో ఆమె 'స్టార్ ఫర్ ఆల్ సీజన్స్'. రాజకీయాల పేజీలో బటాంగస్ ప్రావిన్స్ గవర్నర్ విల్మా శాంటోస్-రెక్టో. ఒక పేజీ చదివేవాళ్లు రెండోది పెద్దగా పట్టించుకోరు. దాంతో ఆమె గెలుపు గురించి మాట వచ్చినప్పుడల్లా "సినిమా ముఖం కదా, జనం ఓట్లేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ వివరణ చాలదని నా అభిప్రాయం. సినిమా ముఖమే చాలితే ఆమెకు సాటి అయిన నటి నోరా ఔనోర్ 2001లో కామరీనెస్ సూర్ గవర్నర్ ఎన్నికలో ఓడేవారు కాదు. ఆ దేశపు అతిపెద్ద యాక్షన్ హీరో ఫెర్నాండో పో జూనియర్ 2004లో అధ్యక్ష ఎన్నికలో ఓడేవారు కాదు. విల్మా విషయంలో ఏం జరిగిందో తెలియాలంటే 1963 నుంచి మొదలుపెట్టాలి.

అప్పటికి మనీలా సినిమా అంతా కొన్ని పెద్ద స్టూడియోల చేతుల్లో ఉండేది. 1937లో పుట్టిన సాంపగీటా పిక్చర్స్ వాటిలో ఒకటి. మన మల్లె జాతికే చెందిన ఒక పువ్వు వాళ్ల జాతీయ పుష్పం, స్టూడియోకు దాని పేరే పెట్టుకున్నారు. నటీనటులు స్టూడియోకు కాంట్రాక్టు మీద కట్టుబడి ఉండేవారు. ఎవరు ఏ సినిమాలో చేయాలో, ఎవరి పక్కన కనిపించాలో స్టూడియోయే నిర్ణయించేది. పిల్లల కన్నీళ్లకు డబ్బులు రాలతాయని ఆ స్టూడియోకు ముందే తెలుసు. 1951లో టెస్సీ అగానా అనే చిన్నారితో తీసిన 'రొబెర్టా' సంచలన విజయం సాధించింది. దాని కథ కామిక్స్ రచయిత మార్స్ రవేలో బొమ్మల కథల నుంచి వచ్చింది.

1963లో అదే రవేలో కథతో 'ట్రూడిస్ లీట్' తీశారు. చిన్నారి ట్రూడిస్ అని అర్థం. ఆ పాత్ర వేసిన విల్మా 1953 నవంబర్ 3న పుట్టారు కాబట్టి అప్పటికి 9 ఏళ్లు. ఆమె వెళ్లింది వేరే సినిమా ఆడిషన్‌కనీ, అక్కడ పిల్లల క్యూ ఒకటి కనిపిస్తే అందులోకి చేరిపోయిందనీ, ఆ క్యూ ట్రూడిస్ పాత్ర కోసమనీ చెప్పుకుంటారు. పెద్దల చేతిలో నానా హింసలూ పడే పిల్ల కథ అది. హింసించే ఆడమనిషిగా బెల్లా ఫ్లోరెస్ వేశారు. విలన్ వేషాల్లో ఆమెకు ఆ దేశంలో తిరుగులేదు. తెర మీద ఆ పాప ఏడుస్తుంటే హాల్లో జనం ఏడ్చారు. అక్కడ సినిమా అవార్డులిచ్చే ఫామాస్ సంస్థ విల్మాకు ఉత్తమ బాలనటి అవార్డు ఇచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే బాలనటుల గురించి రాసేటప్పుడు అందరూ దాటేసే విషయం ఇదే. 1963లో ఒక పిల్ల సెట్లో ఎన్ని గంటలు ఉండాలి, రాత్రి షూటింగ్ చేయవచ్చా, ఆమె సంపాదన ఎవరి చేతికి వెళ్లాలి అన్నవి ఇంట్లోవాళ్లూ స్టూడియోవాళ్లూ మాట్లాడుకుని తేల్చుకునే సంగతులు. ఇప్పటి చట్టం రావడానికి మరో 40 ఏళ్లు పట్టింది. 2003 డిసెంబర్‌లో ఆమోదం పొందిన రిపబ్లిక్ చట్టం 9231 ప్రకారం 15 ఏళ్లలోపు పిల్లలు రోజుకు 4 గంటలు, వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా అసలే చేయించకూడదు. కార్మిక శాఖ నుంచి ముందుగా పర్మిట్ తీసుకోవాలి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది డబ్బు గురించి ఆ చట్టం చెప్పిన మాట. పిల్లల సంపాదన ముందు ఆ పిల్లల పోషణకూ చదువుకూ వాడాలి. కుటుంబ అవసరాలకు 20 శాతం మించి తీసుకోకూడదు. ఏడాది ఆదాయం 2 లక్షల పెసోలకు చేరితే కనీసం 30 శాతం ఆ పిల్లల పేరు మీద ట్రస్టు ఫండ్‌లో వేయాలి. పిల్లల సంపాదన మీద ఇల్లు గడవడం అక్కడి సినిమారంగంలో ఎంత మామూలో ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది. విల్మా తరం పిల్లలకు ఈ చట్టం రక్షణ లేదు. కొందరు ఆ కాలాన్ని బంగారు యుగం అంటారు. ఆ పిల్లలు రాత్రి ఎప్పుడు నిద్రపోయారో ఎవరూ లెక్క రాసిపెట్టలేదు.

బాలనటికి అసలు గండం పన్నెండు పదమూడేళ్ల వయసులో వస్తుంది. అప్పటికి ముద్దొచ్చే వయసు దాటిపోతుంది, హీరోయిన్ వయసు ఇంకా రాదు. విల్మాకు ఆ వయసు వచ్చేసరికి పెద్ద స్టూడియోల వైభవమే తగ్గిపోతోంది. సాంపగీటాకు పోటీ అయిన ఎల్‌వీఎన్ 1961లోనే సినిమాలు తీయడం ఆపేసింది. 1960ల చివర్లో ఆమెను నిలబెట్టింది 'లవ్ టీమ్' అనే పద్ధతి. ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ జంటగా కుదిర్చి, సినిమా తర్వాత సినిమాలో చూపించి, బయట కూడా వాళ్లు ప్రేమికులే అన్నట్టు అభిమానులను ఊరించే వ్యాపారం అది. నేటికీ మనీలాలో నడుస్తోంది. విల్మాకు జంట ఎడ్గర్ మోర్టిజ్. ఎదురుగా నోరా ఔనోర్, టిర్సో క్రుజ్ ల జంట.

నోరా, విల్మా ఒకే ఏడాది పుట్టారు. బికోల్ ప్రాంతంలోని ఇరిగాలో రైలు స్టేషన్‌లో మంచినీళ్లు అమ్మిన పిల్ల నోరా. 1967లో పాటల పోటీ గెలిచి వచ్చారు. పొట్టి మనిషి, చామనఛాయ. అంతకుముందు ఆ తెరను ఏలినవి ఎక్కువగా స్పానిష్, అమెరికన్ పోలికలున్న తెల్లటి ముఖాలే. నోరాను చూసి పేదింటి పనిపిల్లలు, ఫ్యాక్టరీ అమ్మాయిలు తమలో ఒకరు తెర మీదికి వచ్చారనుకున్నారు. విల్మా తెలుపు, గొంతులో నోరాకున్న మాయ లేదు. నోరానియన్లు, విల్మానియన్లు అంటూ అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఇళ్లలో అక్కచెల్లెళ్లు కూడా చెరోవైపూ చేరారు. ఈ పోటీ విల్మాకు మేలే చేసిందని నేను నమ్ముతాను. పాటలోనూ, సహజమైన నటనలోనూ నోరాను దాటడం కష్టం. అందుకే విల్మా వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది.

1973లో 'లిపాద్, డార్నా, లిపాద్!' వచ్చింది. తెల్లరాయి మింగి, పేరు గట్టిగా పిలిస్తే ఆకాశంలో ఎగిరే వీరవనిత అయిపోయే పల్లె పిల్ల కథ. డార్నా కూడా మార్స్ రవేలో సృష్టే. ట్రూడిస్‌గా దెబ్బలు తిన్న పిల్లే పదేళ్ల తర్వాత డార్నాగా దెబ్బలు కొట్టింది. జనం ఇద్దరినీ ఒకే మనిషిగా గుర్తుపెట్టుకున్నారు. బాలనటిగా మొదలైనవాళ్లకు దక్కే లాభం అదే. ప్రేక్షకులు తమ కళ్ల ముందు పెరిగిన పిల్ల అనుకుంటారు.

కానీ అదే సంకెల కూడా. ఇంటిపిల్ల అనుకున్న అమ్మాయి ఇంటిపిల్లలాగే ఉండాలంటారు. ఆ సంకెలను ఆమె 1977లో తెంపారు. 1972 సెప్టెంబర్ నుంచి అధ్యక్షుడు మార్కోస్ విధించిన మార్షల్ లా (సైనిక శాసనం) నడుస్తోంది, సెన్సార్ గట్టిగా ఉంది. అలాంటి రోజుల్లో సెల్సో ఆడ్ కాస్టిలో తీసిన 'బర్లెస్క్ క్వీన్'లో నడవలేని తండ్రిని పోషించడానికి బర్లెస్క్ డాన్సర్ (మగవాళ్ల ముందు ఒళ్లు చూపిస్తూ ఆడే నర్తకి) అయిన చాటోగా ఆమె నటించారు. చివర్లో చాటో గర్భవతిగా స్టేజీ ఎక్కి నెత్తురు కారేదాకా నాట్యం చేస్తుంది. మగవాళ్లు ఈలలు వేస్తూనే ఉంటారు. ఇంటిని పోషించే ఆడపిల్ల ఒంటిని ఊరు ఎలా చూస్తుందో అంత సూటిగా చూపించిన సినిమాలు తక్కువ. చిన్నప్పటి నుంచీ సెట్లలోనే పెరిగిన నటి ఆ పాత్ర వేయడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

ఆ తర్వాతి పన్నెండేళ్లు ఆమె నటజీవితంలో గొప్ప కాలం. 1982లో ఇష్మాయెల్ బెర్నాల్ తీసిన 'రెలాస్యోన్'లో పెళ్లయిన మగవాడితో కాపురం చేసే మరిలూ పాత్ర వేశారు. ముస్లింలకు తప్ప మిగతావారికి చట్టపరంగా విడాకులే లేని దేశం అది. పెళ్లి పొసగకపోయినా తెగదు, రెండో ఇల్లు ఎంత నిజమైనా చట్టానికి కనపడదు. అతను చనిపోయాక మరిలూకు ఏ హక్కూ ఉండదు. అలాంటి బతుకులు వేల ఇళ్లలో ఉన్నాయి, బయటికి చెప్పుకునేవాళ్లే లేరు. ఆ ఏడాది పెద్ద అవార్డు సంస్థలన్నీ ఉత్తమ నటిగా ఆమెనే ఎంచుకున్నాయి. గ్రాండ్ స్లామ్ అనే మాట అక్కడి నటీమణులకు వర్తించడం అప్పుడే మొదలైంది.

1983 ఆగస్టులో ప్రతిపక్ష నేత బెనిగ్నో అక్వినోను విమానాశ్రయంలో కాల్చి చంపారు. దేశం రగిలిపోతున్న ఆ సమయంలో, 1984లో, మైక్ డె లియోన్ 'సిస్టర్ స్టెల్లా ఎల్' తీశారు. సమ్మె చేస్తున్న కార్మికుల పక్కన నిలబడిన క్రైస్తవ సన్యాసిని పాత్ర విల్మాది. వెనిస్ చలనచిత్రోత్సవం పోటీ విభాగానికి వెళ్లింది, స్వదేశంలో డబ్బులు రాలేదు. అయినా ఆమె సినిమాల్లో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడమంటాను. మొదట్లో లోకజ్ఞానం లేని సిస్టర్, సినిమా చివరికి కెమెరా వైపు తిరిగి మాట్లాడే మనిషి అవుతుంది. ఆ మార్పును విల్మా ఎక్కడా అరవకుండా చూపిస్తారు.

1993లో లారీస్ గియెన్ దర్శకత్వంలో డోల్జురా కోర్టెజ్ కథ వచ్చింది. తనకు ఎయిడ్స్ ఉందని బహిరంగంగా చెప్పిన మొదటి ఫిలిప్పీన్స్ మహిళ డోల్జురా. జబ్బు పేరెత్తడానికే జనం భయపడే రోజుల్లో పెద్ద స్టార్ ఆ పాత్ర వేయడం చిన్న విషయం కాదు. 2000లో వచ్చిన 'అనాక్'లో హాంకాంగ్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన తల్లిగా చేశారు. ఆమె పంపిన డబ్బుతో పెరిగిన పిల్లలకే ఆమె పరాయి అయిపోతుంది. లక్షల కుటుంబాల్లో అమ్మ పరదేశంలో ఉండే ఆ దేశంలో ఈ సినిమా చూసి ఏడవని ఇల్లు ఉండదంటారు. వరసగా చూస్తే, బాధపడే పిల్ల, పోషించే కూతురు, హక్కులేని భార్య, నిలదీసే సన్యాసిని, దూరమైన తల్లి. ప్రేక్షకులతో పాటే ఆమె పాత్రలకూ వయసు వచ్చింది. నాయకులు ప్రసంగాల్లో ఆడవాళ్ల కష్టాలు చెబుతారు. ఈమె చెప్పకముందే జనం ఆమెను ఆ కష్టాల్లో చూసేశారు.

'అనాక్' విడుదలయ్యేనాటికి ఆమె అప్పటికే మేయర్. ఇక్కడే కథ రెండో పేజీకి వెళ్తుంది, అభిమానులు చెప్పడానికి ఇష్టపడని భాగం కూడా ఇక్కడే ఉంది. 1992 డిసెంబర్‌లో ఆమె బటాంగస్‌లోని లిపా నగరంలో రాల్ఫ్ రెక్టోను పెళ్లి చేసుకున్నారు. రాల్ఫ్ అప్పటికే బటాంగస్ నుంచి కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడు. 1935 రాజ్యాంగాన్ని రాసిన సభకు అధ్యక్షత వహించిన క్లారో రెక్టోకు మనవడు. అంటే విల్మా రాజకీయాల్లోకి వచ్చింది ఒట్టి సినిమా పేరుతో కాదు, ఆ ప్రాంతంలో పాతుకుపోయిన ఇంటి కోడలిగా. 1998లో లిపాకు మొదటి మహిళా మేయర్ అయ్యారు. మాజీ యాక్షన్ హీరో జోసెఫ్ ఎస్ట్రాడా దేశాధ్యక్షుడైన ఎన్నికలే అవి. ఎస్ట్రాడా మూడేళ్లు తిరక్కుండానే అవినీతి ఆరోపణల మధ్య పదవి పోగొట్టుకున్నారు. విల్మా మాత్రం మూడు విడతలూ పూర్తిచేశారు. స్థానిక పదవుల్లో వరసగా మూడుసార్లకు మించి కొనసాగకూడదన్నది అక్కడి నియమం. 2007లో బటాంగస్ మొదటి మహిళా గవర్నర్ అయ్యి 2016 దాకా ఉన్నారు. ఆ తర్వాత లిపా నుంచి కాంగ్రెస్‌కు వెళ్లారు.

కాంగ్రెస్‌లో ఆమె చేసిన పనుల్లో నేను గుర్తుపెట్టుకునేది 2017 మార్చి నాటి ఓటు. అధ్యక్షుడు డుటెర్టే కోరిక మేరకు మరణశిక్షను తిరిగి తెచ్చే బిల్లు 217-54 తేడాతో సభ దాటింది. ఆ 54 మందిలో విల్మా ఒకరు. వ్యతిరేకిస్తే పదవులు పోతాయని సభానాయకత్వం ముందే హెచ్చరించింది. అన్నట్టే ఆమె సివిల్ సర్వీస్ కమిటీ అధ్యక్ష పదవి పోయింది. సినిమావాళ్లు సభలో బొమ్మల్లా కూర్చుంటారనే వాళ్లకు ఈ ఒక్క ఓటు చూపించవచ్చు.

సినిమా వదల్లేదు. 2023లో 'వెన్ ఐ మెట్ యూ ఇన్ టోక్యో'కు మెట్రో మనీలా ఫెస్టివల్‌లో ఉత్తమ నటి అయ్యారు. నోరాకు 2022లో జాతీయ కళాకారిణి గౌరవం దక్కింది. 2014లో అప్పటి అధ్యక్షుడు ఆమె పేరును పక్కనపెట్టడం వల్ల అంత ఆలస్యమైంది. విల్మాకూ ఆ గౌరవం ఇవ్వాలని 2024లో నటీనటుల సంఘం 'ఆక్టర్' ప్రతిపాదించింది. 2025 ఏప్రిల్ 16న నోరా మరణించారు. యాభై ఏళ్ల పోటీలో ఒకరు మిగిలారు.

అదే ఏడాది మే 12న ఎన్నికలు. విల్మా మళ్లీ గవర్నర్ పదవికి నిలబడ్డారు. ఈసారి ఒక్కరే కాదు. పెద్ద కొడుకు, టీవీ వ్యాఖ్యాత లూయిస్ మంజానో వైస్ గవర్నర్‌గా పోటీచేశారు, చిన్న కొడుకు రయన్ కాంగ్రెస్ స్థానానికి. భర్త అప్పటి దేశ ఆర్థికమంత్రి. రాజకీయ వారసత్వాలను నిషేధించాలని 1987 రాజ్యాంగంలో ఒక మాట ఉంది, కానీ దాన్ని చట్టం నిర్వచించాలని కూడా అందులోనే ఉంది. ఆ చట్టాన్ని చేయాల్సిన కాంగ్రెస్ నిండా అలాంటి కుటుంబాలే కాబట్టి ఇన్నేళ్లూ అది రాలేదు. విల్మా అంటే నాకు ఎంత అభిమానమున్నా, ఒకే ఇంట్లో ముగ్గురు ఒకేసారి ఓట్లడగడం నాకు సమ్మతం కాదు. ఆమె గెలిచింది తన పనితోనే అయితే, ఆ పనిని కొడుకుల పేరు మీద రాసివ్వడం కుదరదు కదా.

బటాంగస్ ఓటర్లు కొంతవరకు అదే చెప్పారు. గవర్నర్‌గా విల్మాను గెలిపించారు. వైస్ గవర్నర్ పదవి మాత్రం లూయిస్‌కు ఇవ్వలేదు. గవర్నర్‌గా మూడు విడతలు పూర్తిచేసి దిగుతున్న హెర్మిలాండో మండనాస్‌కు ఇచ్చారు.