స్పాన్సర్‌షిప్: పెద్ద ఆర్చీ కట్టిస్తే మార్కెట్ మనదేనా?

జాతరల సీజన్ వస్తే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు షాపుల వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి మెయిన్ స్పాన్సర్ మనమే ఉండాలె, పక్క షాపాయన ఎంతిస్తుండో జర కనుక్కో." ఇవి మాట్లాడి కుదర్చడమే నా పని, అయినా ఈ మాట వింటే చిరాకే.

అపోహ: అందరికంటే ఎక్కువిచ్చి మెయిన్ స్పాన్సర్ అయితే పోటీవాడు ఇక లేవడు.

వాస్తవం: లేస్తాడు, వచ్చే ఏడాది ఇంకో లక్ష ఎక్కువిచ్చి అదే ఆర్చీ మీద తన పేరు వేయించుకుంటాడు. టీమిండియా జెర్సీనే చూడండి. 2001 నుంచి 2013 దాకా సహారా, తర్వాత స్టార్, ఒప్పో, బైజూస్, డ్రీమ్ ఎలెవన్, 2025లో అపోలో టైర్స్. దేశంలో అంతకంటే పెద్ద చోటు ఏముంది? అయినా జెర్సీ డబ్బుల బకాయి కోసం బైజూస్ మీద దివాలా కేసు వేసింది బీసీసీఐయే. అదే టైర్ల కంపెనీ ఎంఆర్‌ఎఫ్ సంగతి వేరు. 1987లో చెన్నైలో పేస్ ఫౌండేషన్ అని ఫాస్ట్ బౌలింగ్ శిక్షణ కేంద్రం పెట్టి, ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీని తెచ్చి బౌలర్లను తయారు చేయించింది, శ్రీనాథ్, జహీర్ అక్కడ సానబట్టినవాళ్లే, సచిన్ బ్యాట్ మీద స్టిక్కర్ సరే సరి. ఇంకో టైర్ల కంపెనీ జెర్సీ కొనగలిగింది గానీ, ఇన్నేళ్ల పనిని ఏ చెక్కు రాసి కొంటుంది?

మన దగ్గరా అంతే. కురుమూర్తి జాతర దారిలో ఒక టైర్ల షాపాయన ఏటా టెంటు వేసి బండ్లకు, ట్రాక్టర్లకు ఉచితంగా గాలి కొట్టిస్తాడు, పంక్చర్ వేయిస్తాడు. ఫ్లెక్సీ చూస్తే మంచం దుప్పటంత కూడా ఉండదు. ఒక ఏడాది వేరే షాపు వాళ్లు దారి పొడవునా ఫ్లెక్సీలు నింపారు, డబ్బులు బాగానే పోశారు, మర్నాడు పత్తా లేరు. జనం మాత్రం "ఆ గాలి టెంటు ఎక్కడుంది" అని అడుగుతూ వస్తారు, టైరు మార్చాల్సి వచ్చినప్పుడు పాలమూరులో ఆయన షాపుకే పోతారు. నేను ఎవరికి చెప్పినా మూడే అడుగుతాను: మీ వ్యాపారానికీ ఆ జాతరకూ సంబంధం ఉందా, ఏటా చేయగలరా, ఆ పనిని షాపులో అమ్మకానికి కలపగలరా?

అపోహ: అగ్రిమెంట్ ఉంటే వేరేవాళ్లు దగ్గరికి రారు. వస్తారు. 1996 క్రికెట్ ప్రపంచకప్‌లో అధికారిక డ్రింక్ కోకాకోలా. కానీ "ఇందులో అధికారికం ఏమీ లేదు" అంటూ యాడ్లు వేసి జనం నోళ్లలో నానింది పెప్సీ.

అపోహ: స్పాన్సర్‌షిప్ ఖర్చును సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజం కోసం చేసే ఖర్చు) కింద చూపించొచ్చు. కుదరదు. సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్‌ఆర్ రూల్సే పక్కన పెట్టాయి.

ఇక చిన్న షాపుల వాళ్ల టెన్షన్: "ఇవ్వకపోతే ఊళ్లో పేరు పోతది సార్." పోదు. గణపతి చందా చందాలాగే ఇవ్వండి, దానికి లాభం లెక్కలు వద్దు. స్పాన్సర్‌షిప్ అంటే మాత్రం కనీసం మూడేళ్లకు మాట్లాడుకోండి, ఆ తర్వాత ముందు మిమ్మల్నే అడగాలన్న షరతు కాగితం మీద రాయించండి. కమిటీ ఒప్పుకోకపోతే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.