12000 గ్రిట్ సానరాయి కొనే ముందు పెన్సిల్ తీసుకోండి

ఈ వారంలో మంగలి కత్తి సానపెట్టుకునే ముగ్గురు అడిగారు, ముగ్గురిదీ ఒకటే గోడు. "8000 గ్రిట్ రాయి దాకా వెళ్లాను, అయినా కత్తి గడ్డాన్ని పీకుతోంది. 12000 కొనమంటారా?" వద్దు! ముందు ఉన్న రాయి చదునుగా ఉందో లేదో చూడండి. (గ్రిట్ అంటే రాయి గరుకు లెక్క, అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన.)

అపోహ: కంటికి చదునుగా కనిపిస్తే రాయి చదునే. కొత్తదైతే అడగక్కర్లేదు.

వాస్తవం: కొత్త రాయికీ వంపు ఉండొచ్చు. మంగలి కత్తికి వెన్ను, అంచు రెండూ రాయికి ఆనాలి. కోణం నిలిపేది వెన్నే, చెయ్యి కాదు. రాయి వెడల్పులో వెంట్రుకవాసి గుంట ఉన్నా మొన, మడమ (పిడి వైపు కొస) ఆనుతాయి, నడుమ అంచు గాల్లో ఉండిపోతుంది.

నేనూ రెండు నెలలు ఇలాగే ఏడ్చాను. ఓ పాత కత్తికి నడుమ వేలెడు మేర పదునే ఎక్కేది కాదు. ఉక్కు పోయిందనుకుని ఇంకా నున్నని రాయి కొన్నాను. చివరికి విసుగొచ్చి అంచు పొడవునా మార్కర్ పూసి ఒక్కసారి తోస్తే, రెండు కొసల్లో సిరా పోయింది, నడుమ నల్లగా అలాగే ఉంది. రాయి చదును చేసి 1000 నుంచి మళ్లీ మొదలుపెడితే ఆ సాయంత్రానికే దారికొచ్చింది.

రాయి మీద పెన్సిల్‌తో సెంటీమీటరుకో గీత చొప్పున గళ్లు గీయండి. నీళ్లు పోస్తూ 400 గ్రిట్ డైమండ్ ప్లేట్‌తో (వజ్రపు పొడి అతికించిన లోహపు పలక) రుద్దండి. అది లేకపోతే మందపాటి అద్దం మీద నీళ్లకు తట్టుకునే శాండ్‌పేపర్ పరవండి. గీత మిగిలిన చోట పల్లం. అన్నీ పోయాక మళ్లీ గీయండి. ఈసారి నాలుగైదు రుద్దులకే గళ్లన్నీ కలిసి చెరిగితే పనైనట్టే. రాయి అంచుల పదును కూడా కొట్టేయండి, లేకపోతే పెచ్చులు లేస్తాయి.

"రెండు రాళ్లు ఒకదానికొకటి రుద్దితే చాలదా?" చాలదు. ఒకటి ఉబ్బి, రెండోది గుంటపడి కూడా అతికినట్టు కూర్చుంటాయి. మూడింటిని మార్చి మార్చి రుద్దాలి. లోహపు పలకలను సమతలం చేయడానికి 1840లో జోసెఫ్ విట్‌వర్త్ వివరించిందీ ఈ మూడింటి లెక్కే.

రాయి అరిగిపోతుందన్న భయం నాకు తెలుసు, డబ్బు పోసి కొన్నది కదా. కానీ వాడినప్పుడల్లా పది రుద్దులు రుద్దితే పోయేది పలచటి పొర. ఏడాది వదిలేస్తే గుంట అడుగు దాకా చుట్టూ ఉన్న రాయంతా తీసేయాలి.

మిగతావి గబగబా. అన్ని రాళ్లూ నానబెట్టేవి కావు, కొన్నిటికి పైన చిలకరిస్తే చాలు, నానితే పగిలేవీ ఉన్నాయి. నీటి రాయికి (నీళ్లతో వాడే సానరాయి) నూనె తగలనివ్వొద్దు. ఆరబెట్టేది నీడలోనే.

నున్నని రాయిని గరుకు ప్లేట్‌తో చదును చేశాక వెంటనే కత్తి పెట్టకండి. ప్లేట్ గీతలు పోయేదాకా ఆ నున్నని రాయి గ్రిట్టే ఉన్న చిన్న రాయి ముక్కతో పైపైన రుద్ది, కడిగి, అప్పుడు పెట్టండి.